పిన్ని పాపం

సంఘ ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, మన ఆరాధనలో వాద్యబృందం ఏర్పాటు చేయదలచి అర్హులైనవారి నుంచి దరఖాస్తులు కోరుతున్నాము. కీబోర్డు మీద వేళ్ళు వేగంగా నడపగలవారు, తాళం వేయుటలో అనుభవం ఉన్నవారు, తీగల పని వచ్చినవారు సంఘ పెద్దలను కలవగలరు. సంగీతం తెలిసి ఉండటం అనర్హతగా పరిగణింపబడదు.

ఈ ప్రకటనను ఆదివారం ఆరాధనలో చదివింది నేనే. మా సంఘంలో ప్రకటనలు చదివే బాధ్యత నాది. చదవడం వరకే నా పని, రాసింది కార్యదర్శి గారు. ఆయన ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. శుభ్రమైన తెలుగంటే ప్రాణం. గిటారు అన్న మాట గుడిలో పలకడం ఇష్టం లేక ‘తీగల పని’ అని రాశారు, డ్రమ్ములు కొట్టేసి ‘తాళం’ అని దిద్దారు. కీబోర్డుకు మాత్రం ఎంత వెతికినా తెలుగు దొరకలేదు. అందుకు ఆయన చాలా బాధపడ్డారు.

వాద్యబృందం ఎందుకు అవసరమైందో కూడా చెప్పాలి. మా గోడకు అవతల, వెనకవీధిలో ఇంకో సంఘం ఉంది. వాళ్ళకీ మాకూ దేవుడొక్కడే, స్పీకర్లు మాత్రం వాళ్ళవి పెద్దవి. వాళ్ళు కొత్తగా బృందం పెట్టుకున్న దగ్గర్నుంచి ఆ మోత గోడ దూకి మా ప్రార్థన మధ్యలోకి వచ్చేస్తోంది. కళ్ళు మూసుకుని పశ్చాత్తాపపడవలసిన సమయంలో మావాళ్ళ కాళ్ళు బెంచీల కింద ఆడుతున్నాయి. కొన్ని కుటుంబాలు ‘ఊరికే చూసొస్తాం’ అని వెళ్ళి అక్కడే ఉండిపోయాయి. ఇదే తీరుగా సాగితే పరలోకంలో మన సంఘం తరఫున కూర్చునేవాళ్ళే ఉండరని కార్యదర్శి గారు ఆందోళన వ్యక్తం చేశారు. పెద్దలు ఆ ఆందోళనను ఏకగ్రీవంగా ఆమోదించారు.

అప్పటిదాకా మా సంగీతమంతా ఒక తొక్కుడు పెట్టె, ఒక పిన్ని. తొక్కుడు పెట్టె అంటే, కాళ్ళతో తొక్కి గాలి నింపుతూ చేతులతో మెట్లు నొక్కి వాయించే పాత ఆర్గను. అందులో ఒక మెట్టు నొక్కితే మళ్ళీ పైకి రాదు. పిన్ని దాన్ని చిటికెన వేలితో లేపి, ఏమీ జరగనట్టు పాట అందుకునేది. నిజానికి ఆవిడ ఎవరికీ పిన్ని కాదు. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు, దర్జీ కొట్టు వెనక ఒక గదిలో ఉంటుంది. అయినా ఆవిడకన్నా పెద్దవాళ్ళు కూడా పిన్నీ అనే పిలుస్తారు. మా పెళ్ళిళ్ళకు ఆవిడే వాయించింది, మావాళ్ళను మట్టికి సాగనంపినప్పుడూ ఆవిడే వాయించింది. అందుచేత ఆవిడను ఎవరూ ప్రత్యేకంగా గమనించే అవసరం రాలేదు.

కొత్త బృందానికి చోటు కావాలి కనుక పెట్టెను తీసేయాలి. అలాగని పిన్నికి అన్యాయం జరగకూడదు. అందరితో పాటు ఆవిడ కూడా దరఖాస్తు చేసుకోవచ్చునని, నెగ్గితే పెట్టెనూ ఉంచుతామని పెద్దలు ఉదారంగా అనుమతించారు. ఆ సంగతి చెప్పడానికి నన్నే పంపారు. పిన్ని అంతా విని తన చేతుల వంక చూసుకుంది.

“నా గదిలో ఏముందిరా అబ్బాయ్, ఒక మంచం, ఒక స్టవ్వు. వాటిని వాయించలేను కదా. ఆ పెట్టె తీసేస్తే ఈ చేతులతో నేనేం చేసుకోను?”

రూల్సు అందరికీ ఒకటేనని చెప్పి వచ్చాను. మాట చెప్పాను గానీ మనసు బాగాలేక ఆ పూట అన్నం సయించలేదు.

ఎంపిక కమిటీలో నలుగురం. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, ప్రార్థనతో ప్రారంభించి ప్రార్థనతో ముగిస్తారు, మధ్యలో జరిగేదానితో ఆయనకు సంబంధం లేదు. అధ్యక్షులు మా పెద్దాయన. ఆయనకు రెండు చెవులూ సరిగ్గా వినపడవు. సంగీతం విషయంలో పక్షపాతం పనికిరాదని ఆయన్ను ఎన్నుకున్నాం. మూడో ఆయన కార్యదర్శి గారు. ఫలితాలు చదవాలి కనుక నాలుగోవాణ్ణి నేను.

వచ్చేవాళ్ళను వాయిద్యాలు తెచ్చుకోమనాలా అని నేను అడిగాను. కార్యదర్శి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్ళజోడు తీశారంటే ఉపన్యాసం మొదలైందని అర్థం.

“వాయించడం నేర్పితే వస్తుందండీ. సాక్ష్యం నేర్పితే వస్తుందా? మనకు కావలసింది చేతులు కాదు, మారిన హృదయాలు. చేతులు ఎవరికైనా ఉంటాయి.”

దీనికి అందరం ఆమెన్ అన్నాం. పెద్దాయన కాస్త ఆలస్యంగా అన్నారు.

సాక్ష్యం అంటే తెలియనివారి కోసం ఒక మాట. ఇది కోర్టులో చెప్పే సాక్ష్యం లాంటిది కాదు. అక్కడ ఎదుటివాడు చేసింది చెప్పాలి, ఇక్కడ మనం చేసింది చెప్పాలి. దేవుణ్ణి తెలుసుకోక ముందు నేను ఇంత చెడ్డవాణ్ణి, ఇప్పుడు ఇంత మంచివాణ్ణయ్యాను అని నలుగురిలో నిలబడి చెప్పుకోవడం. కోర్టులో అయితే శిక్ష పడుతుంది, మా దగ్గర చప్పట్లు పడతాయి. ముందు ఎంత లోతుకు పడితే తర్వాత అంత ఎత్తుకు లేచినట్టు లెక్క. కాబట్టి మంచి సాక్ష్యానికి మొదట కావలసింది మంచి పాపం.

కీబోర్డుకు మొదట వచ్చినాయన ఒక టైపిస్టు. వేళ్ళ వేగం గురించి ప్రకటనలో ఉన్నదంతా ఆయనకు అక్షరాలా సరిపోయింది. తప్పు లేకుండా కొడతానన్నాడు. కార్యదర్శి గారి ముఖం వికసించింది, ఆఫీసు మనిషికి ఆఫీసు మనిషి దొరికాడు. ఇక సాక్ష్యం: పూర్వం ఆయన పోయినవాళ్ళు బతికున్నట్టూ, బతికున్నవాళ్ళు పోయినట్టూ టైపు చేసి పెట్టేవాడట. ఒకాయన తాను బతికే ఉన్నానని నిరూపించుకోవడానికి ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి నిజంగానే పోయాడట. అది చెప్పి టైపిస్టు కన్నీళ్ళు తుడుచుకున్నాడు. దేవునికి స్తోత్రం అన్నాం. ఎంపికయ్యాడు.

తాళం వేయడానికి తాళాలు బాగుచేసే ఆయన వచ్చాడు. నడుముకున్న గుత్తి నడిచినప్పుడల్లా గలగలమంటోంది. అది విని అయ్యగారు లయ బాగుందన్నారు. ఇప్పుడు తాళాలు వేసే పనిలో ఉన్నాడు గానీ ఒకప్పుడు తీసే పనిలో ఉండేవాడట, అదీ ఇంటివాళ్ళు లేనప్పుడు. మా కార్యదర్శి గారి ఇంట్లో పాత గోడగడియారం ఎలా మాయమైందో ఆ రోజే తెలిసింది. కార్యదర్శి గారు వెంటనే లేచి ఆయన్ను కౌగిలించుకున్నారు. క్షమాపణ అంటే ఏమిటో చూసి మేమంతా కదిలిపోయాం. గడియారం మాత్రం రాలేదు.

తీగల పనికి ఎలక్ట్రీషియన్ వచ్చాడని మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. వెనకవీధి సంఘం లైను నుంచి ఊరందరికీ కరెంటు లాగిచ్చిన మహానుభావుడు. ఈ సాక్ష్యానికి ‘స్తోత్రం’ కొంచెం గట్టిగానే వచ్చింది.

నిజంగా వాయించేవాడు ఒకడు వచ్చాడు, కాదనను. గిటారు కూడా తెచ్చుకున్నాడు. మారుమనస్సు పొందక ముందు ఏం చేసేవాడివని అడిగితే, ఇంట్లో కూర్చుని సాధన చేసేవాణ్ణన్నాడు. పొందాక? సాధన చేస్తున్నానన్నాడు. ఇందులో పాపం అనదగ్గది పక్కింటివాళ్ళు పడ్డ బాధ ఒక్కటే, అదీ ఇంకా కొనసాగుతూనే ఉన్నట్టుంది. మార్పు కనిపించనందున పంపించేశాం.

ఈ కబురు బయట బెంచీల మీదికి పాకింది. లోపల వాయించమని అడగరు, చెడ్డతనం అడుగుతారని తెలిశాక అభ్యర్థులు ఒకరి పాపం ఒకరు అరువు తీసుకోవడం మొదలుపెట్టారు. పేకాట తన ముందువాడు చెప్పేశాడని తెలిసి ఒకాయన అప్పటికప్పుడు తాగుడుకు మారాడు. జన్మలో చుట్ట కూడా ముట్టని మా దర్జీ, జైలుకెళ్ళానని చెప్పాడు. ఏం నేరం చేశావని అడిగితే తడబడి, ఖైదీలకు బట్టలు కుట్టడానికని ఒప్పుకున్నాడు. అబద్ధం ఆడినందుకు ఆయన్ను మందలించాం. అదే అబద్ధం మారుమనస్సుకు ముందు ఆడి ఉంటే పనికొచ్చేది.

చివరికి పిన్ని వచ్చింది.

మారుమనస్సు పొందక ముందు మీ జీవితం ఎలా ఉండేదని కార్యదర్శి గారు అడిగారు. పిన్నికి ప్రశ్న అర్థం కాలేదు.

“అంతకుముందంటే, పుట్టక ముందా?”

ఆవిడ తండ్రి మా గుడి గంట కొట్టేవాడు. ఆవిడ నడక నేర్చుకున్నది ఈ బెంచీలు పట్టుకునే. కాళ్ళు అందిన నాటి నుంచీ పెట్టె తొక్కుతోంది. మేం చేతనైనంత సాయం చేశాం. అబద్ధాలేమైనా ఆడారా అంటే, ఆడటానికి నాతో మాట్లాడేదెవరు అంది. మొగుడితో పోట్లాటలు? ఆయన నోట్లో నాలుక లేని మనిషట. పోనీ ఎవరి మీదైనా చేయి చేసుకోవడం, ఎవరి సొమ్మైనా తీసుకోవడం? పిన్ని సిగ్గుపడుతూ తల అడ్డంగా ఊపింది. అన్ని అవకాశాలు ఇచ్చినా ఏ ఒక్కటీ అందుకోలేకపోయింది. కార్యదర్శి గారు నిట్టూర్చి, ‘అనుభవం చాలదు’ అని తేల్చారు.

పిన్ని లేచి, కూర్చున్న కుర్చీని మళ్ళీ బల్ల కిందికి జరిపి, అందరికీ వందనాలు చెప్పి వెళ్ళిపోయింది. ఆ కుర్చీ జరపడం చూసి నా మనసు చివుక్కుమంది. ‘పాపం!’ అన్నాను. అంతే అన్నాను. నా చోట తెలుగువాడెవడున్నా అదే అంటాడు.

పెద్దాయన చెవి దగ్గర చేయి పెట్టుకుని ముందుకు వంగారు.

“పాపమా? పిన్నికా?”

కాదు కాదని చేతులూపాను. చేతులు ఊపేకొద్దీ ఆయనకు అనుమానం బలపడింది. ఏదో దాస్తున్నామనుకున్నారు. ఆయన్ను తప్పుపట్టడానికీ లేదు. తప్పు చేసినా పాపమే, జాలిపడినా పాపమే, మన భాష రెండింటికీ ఒకే మాటతో సరిపెట్టుకుంది. చెప్పేవాడు ఏ పాపం అన్నాడో వినేవాడి ఇష్టం.

పెద్దాయన ఇంటికి వెళుతూ దారిలోనే ఎదురొచ్చిన భార్యకు ఆ విషయం రహస్యంగా చెప్పారు. వినపడనివాళ్ళు రహస్యం చెబితే ఎలా ఉంటుందో మీకు తెలుసు. వీధి వీధంతా కిటికీలు తెరుచుకుంది. ఎద్దు ఈనిందంటే కొట్టంలో కట్టేయమనేవాళ్ళకు మా సంఘంలో కొరత లేదు. పిన్ని చిన్నప్పుడు ఎవరితోనో లేచిపోయి తిరిగొచ్చిందని ఒకరు, ఆ మొగుడు అసలు పోనేలేదు, ఆవిడే పంపించేసిందని ఇంకొకరు. తొక్కుడు పెట్టె అసలు మనది కాదు, ఎక్కణ్ణుంచో ఎత్తుకొచ్చిందేనని తాళాలాయన వృత్తి అనుభవంతో చెప్పాడు.

మీరు పొరబడకండి, దీనివల్ల పిన్నికి మర్యాద పెరిగింది. ఇన్నేళ్ళూ పక్కనుంచి వెళ్ళిపోయినవాళ్ళు ఇప్పుడు ఆగి వందనాలు చెబుతున్నారు. అయ్యగారి భార్య ఆవిడకు కుర్చీ వేయించింది. టైపిస్టు, మీకేమైనా కాగితాలు కావాలంటే చెప్పండి పిన్నిగారూ అన్నాడు. ఇంత కాలం మనమధ్య ఇంత గొప్ప సాక్ష్యాన్ని పెట్టుకుని గమనించలేకపోయామని కార్యదర్శి గారు విచారం వెలిబుచ్చారు. తక్షణం పిన్ని దరఖాస్తును తిరిగి తెరిచి, వచ్చే ఆదివారం సంఘమంతటి ముందూ ఆవిడ సాక్ష్యం చెప్పాలని తీర్మానించారు. అది బాగుంటే పెట్టె ఉంటుంది, పెట్టె ముందు ఆవిడా ఉంటుంది.

పిన్ని మళ్ళీ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నాకు లేనిది ఎక్కణ్ణుంచి తెచ్చి చెప్పను, అబద్ధం చెప్పమంటావా అని అడిగింది. చెబితే తప్పేముంది పిన్నీ, చెప్పగానే అది పాపమవుతుంది, అప్పుడు పాపం ఉందన్న మాట నిజమే అవుతుంది కదా అన్నాను. ఇంత చక్కటి తర్కం నాకు మళ్ళీ తట్టలేదు. పిన్ని నావైపు జాలిగా చూసింది. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, “ఆగు, ఒకటుందిరా,” అంది. ఏమిటని అడిగితే చెప్పలేదు.

ఆదివారం గుడి నిండిపోయింది. వెనకవీధి సంఘం వాళ్ళు కూడా కొందరు వచ్చి గోడ వారన నిలబడ్డారు. కార్యదర్శి గారు కళ్ళజోడు తీశారు.

“ప్రియ సంఘమా! దొంగను కౌగిలించుకున్న సంఘం మనది. ఎంత పెద్ద పాపమైనా మన గుండె అంతకన్నా పెద్దది. ఈ రోజు మనం ఏం విన్నా సరే, ముందుగానే క్షమించేశామని మీ అందరి తరఫునా మాటిస్తున్నాను.”

అందరూ చప్పట్లు కొట్టారు. పిన్ని పెట్టె పక్కనే నిలబడి, దాని మూత మీద ఒక చేయి ఉంచి మాట్లాడింది.

“నేనొక పాపం చేస్తున్నాను. చాలా ఏళ్ళుగా ప్రతి ఆదివారం చేస్తున్నాను. మీరు పాట అందుకోగానే నాకు లోపల మంట పుడుతుంది. పల్లవి దగ్గరే తలో దారి పడతారు. చరణానికి వచ్చేసరికి ఎవరెక్కడున్నారో నాకు తెలీదు, నేనే వెతుక్కుంటూ రావాలి. కార్యదర్శి గారు గొంతెత్తినప్పుడల్లా, దేవుడా ఈయన్ను ఒక్క పాటకైనా ఊరుకోబెట్టు అని ప్రార్థన చేశాను. ఆయన ఊరుకోలేదు. అందుకని గట్టిగా తొక్కేదాన్ని, ఆ గొంతు వినపడకుండా. మీరంతా కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటుంటే నేను కళ్ళు తెరిచి మిమ్మల్ని తిట్టుకునేదాన్ని. అదే నా పాపం. నన్ను క్షమించండి.”

ఎవరి నోటా హల్లెలూయ రాలేదు. ఒక్క పెద్దాయన మాత్రం రెండు చేతులూ ఎత్తి ‘స్తోత్రం!’ అన్నారు. గోడ వారన ఎవరో కిసుక్కుమన్నారు. ఈ మధ్యలో ఆవిడ ప్రకటనలు చదివేవాణ్ణి గురించి కూడా ఏదో అన్నదని కొందరు చెబుతున్నారు. ఆ సమయంలో నేను దగ్గుతున్నాను.

కార్యదర్శి గారి ముఖం ఎర్రగా కందిపోయింది. అయినా పెద్దమనిషి కదా, నిబ్బరంగానే అడిగారు.

“సరే, చెప్పారు. ఇప్పుడైనా ఆ పాపం మానేశారా?”

పిన్ని వెటకారంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

“మీరు పాడటం మానేశారా?”

కమిటీ ఆ మధ్యాహ్నమే సమావేశమైంది. తీర్మానాన్ని చదివింది నేనే కనుక సారాంశం చెప్పగలను. టైపిస్టు, తాళాలాయన, ఎలక్ట్రీషియన్ చేసినవి పాత పాపాలు, పైగా ఎక్కువభాగం బయటివాళ్ళకు చేసినవి. పిన్నిది ఇప్పటికీ నడుస్తున్న పాపం, పైగా సంఘానికి చేసింది. దొంగతనానికి క్షమాపణ ఉంది గానీ శ్రుతి తప్పారన్న మాటకు నిబంధనల్లో ఎక్కడా క్షమాపణ కనిపించలేదు. కాబట్టి పిన్నిని ఆ స్థానం నుంచి తొలగించడమైనది. పెట్టె కూడా ఆవిడ పాపంలో పాలుపంచుకున్నందున, కావాలంటే దాన్నీ తీసుకుపోవచ్చునని అనుమతించడమైనది. ఉన్నమాటంటే ఉలుకెక్కువని ఎవరో వెనక బెంచీలో గొణిగారు. దాన్ని తీర్మానంలో చేర్చలేదు.

పెట్టె ఆవిడ గదిలో పట్టలేదు. గుమ్మం దగ్గరే ఆగిపోతే, దర్జీ కొట్టు అరుగు మీద పెట్టి పిన్ని దాని పక్కన కూర్చుంది. ముందుగా వచ్చినవాళ్ళు వెనకవీధి సంఘం పెద్దలు. వాళ్ళ ఎంపిక విధానమూ మాదాని లాంటిదే. మారుమనస్సు పొందక ముందు ఏం చేసేవారని అడిగారట.

“మీ గోడవతల సంఘంలో వాయించేదాన్ని,” అందట పిన్ని.

చప్పట్లు ఆగలేదట. మా పాట గురించి ఆవిడ చెప్పిందంతా మళ్ళీ చెప్పించుకుని పొట్టలు పట్టుకుని నవ్వారట. అంత బలమైన సాక్ష్యం తాము ఎన్నడూ వినలేదని, పెట్టెను పువ్వులా మోసుకెళ్ళి తమ స్పీకర్ల మధ్య పెట్టుకున్నారు. పిన్ని చేతులకు పని దొరికింది. నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది గానీ మా వీధిలో దాన్ని బయటపెట్టే వీలు లేకపోయింది.

మా బృందం కూడా జయప్రదంగా నడుస్తోంది. టైపిస్టు వేగం అలాగే ఉంది, మేం మొదటి చరణంలో ఉండగానే ఆయన చివరికొచ్చి చేతులు కట్టుకుని కూర్చుంటాడు. తాళాలాయన గుత్తి ఊపుతాడు. ఎలక్ట్రీషియన్‌కు గిటారు తీగల్లో దేంట్లో కరెంటుందో ఇంకా అంతుబట్టలేదు, జాగ్రత్త కోసం చెక్క స్టూలెక్కి నిలబడి వాయిస్తాడు. మేము ఇదివరకటికన్నా స్వేచ్ఛగా పాడుతున్నాం.

తర్వాత జరిగిన ఒక సంగతి మాత్రం ఏ ప్రకటనలోనూ చదవలేదు. సంఘంలో ప్రతి ఒక్కరూ, ఎవరూ లేకుండా చూసి, నా దగ్గరికి వచ్చారు. పిన్ని అన్నది మిగతావాళ్ళను కదా, నన్ను కాదు కదా అని అడిగారు. మిమ్మల్ని కాదండీ అని అందరికీ చెప్పాను. అయ్యగారు అడిగారు, అయ్యగారి భార్య విడిగా అడిగింది. కార్యదర్శి గారైతే అడగను కూడా లేదు. పిన్ని అన్నది తనకు ముందున్న కార్యదర్శినని ఆయనే నాకు వివరించారు. పెద్దాయన ఒక్కరే రాలేదు.

ఈ మధ్య ఆదివారాల్లో గోడ అవతలి నుంచి పెట్టె మోత అంతకంతకూ పెరుగుతోంది. వాళ్ళ స్పీకర్లను కూడా దాటి వస్తోంది. కొత్త చోట పిన్నికి ఉత్సాహం బాగా వచ్చిందని వెనకవీధి వాళ్ళు మురిసిపోతున్నారు. ఆవిడ ఎప్పుడు గట్టిగా తొక్కుతుందో తెలిసిన మేము ఏమీ అనడం లేదు.

మీరు కూడా ఇంతసేపూ నవ్వుతూనే చదివారు. మీ సంఘంలోనో, మీ వీధిలోనో, మీ ఇంట్లోనో గొంతెత్తి పాడే ఒకాయన మీకు గుర్తొచ్చే ఉంటాడు. వీలైతే ఈ కథ ఆయన చేత కూడా చదివించండి. ఆయనా హాయిగా నవ్వుకుంటాడు. చదువుతున్నంతసేపూ ఆయనకు గుర్తొచ్చేది మీరే.